బురదలో బండి – రిమోటు ఎవరి చేతిలో?

వడ్లమూడి, వడ్డేశ్వరం, నంబూరు, బాపట్ల, ఒంగోలు – ఎటు పోయినా ఇయ్యాల ఇంజనీరింగు కాలేజీ గేటు కనబడుతుంది. ఏడాదికోసారి ఆ గేట్లకు తోరణాలు కడతారు. టెక్నికల్ పండుగ అంటారు. పాటలు, డాన్సులు సరే, అవి మన తిరునాళ్ళలోనూ ఉన్నయి. కుర్రాళ్ళు ఎక్కువగా మూగేది ఎక్కడంటే, ఇసక, రాళ్ళు, బురద పోసి మిట్టపల్లాలు చేసిన దారిలో మూరెడు పొడుగు బండ్లు పరిగెత్తే పందెం దగ్గర. బండిలో మనిషి ఉండడు. ఒక కుర్రాడు గట్టు మీద నిలబడి రిమోటు పట్టుకుని తిప్పుతుంటాడు. బండి పల్టీ కొడుతుంది, లేస్తుంది, గుంటలో దిగబడుతుంది. ముందు చేరినోళ్ళకి డబ్బు, సర్టిఫికెట్టు.

దీని గురించి మన పత్రికలో రాయడమేందని అడిగేవాళ్ళున్నారు. మన సంఘం మీటింగులోనే అడిగారు. ‘భూమి సంగతి తేలలా, శ్మశానం సంగతి తేలలా, బొమ్మ కార్ల గోల మనకెందుకన్నా?’ అని. అడిగిన తమ్ముళ్ళ మీద మాకు గౌరవం ఉంది. అయినా వాళ్ళతో మేం ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెబుతాం, కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు ఆ బండి ఏందో చూద్దాం. బొమ్మల షాపులో కొని చంటిపిల్లాడికి ఇచ్చే కారు కాదది. చక్రం చక్రానికీ విడి స్ప్రింగు, నూనె పోసిన షాకబ్జార్బరు ఉంటయి. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం జోరుగా తిరగాలి కాబట్టి డిఫరెన్షియల్ ఉంటుంది. ట్రాక్టరు వెనక ఇరుసులో ఉండేదే, అరచేతిలో పట్టేంత. కొన్నిట్లో బ్యాటరీ, మోటారు. కొన్నిట్లో చిన్న టూ స్ట్రోక్ ఇంజను. దానికి పెట్రోలు పొయ్యరు, మిథనాల్, నైట్రోమీథేన్, కాస్త నూనె కలిపి పోస్తారు. ఆ ఇంజను 3.5 సి.సి. ఉంటే గొప్ప, నూరు సి.సి. మోటారు సైకిల్లో దాదాపు ముప్పయ్యో వంతు. రిమోటు రేడియో తరంగం మీద పని చేస్తుంది. తీగె లేకుండా బండిని నడపొచ్చని 1898లోనే న్యూయార్కులో టెస్లా అనే శాస్త్రవేత్త చిన్న పడవని తిప్పి చూపించాడు. మట్టిలో ఇసకలో పరిగెత్తే చిన్న కార్లని 1970ల చివర జపాను కంపెనీలు బజారుకి తెచ్చినయి. విద్యార్థుల పని ఏందంటే, ఉన్న బండిని విప్పి మార్చడం. పళ్ళ చక్రాలు మార్చి జోరు తగ్గించి లాగుడు పెంచుతారు. టైరు వెడల్పు చేస్తారు. కడుపు నేలకి తగలకుండా ఎత్తు లేపుతారు.

ఈ విద్యలు మన పల్లెకి కొత్తవా? ట్రాక్టరు మీద పగలూ రాత్రీ కూచునేది ఎవరు? చేలో పంపు ఆగిపోతే వాషరు మార్చి, నాజిల్లో ఇరుక్కున్న నలుసు తీసి మళ్ళీ నడిపించేది ఎవరు? మోట కాలంలో తోలు తొండం కుట్టింది మాదిగోడు. బాన పైకి వస్తున్నంతసేపు తొండం మడిచి ఉండాలి, కాలవ దగ్గరికి రాగానే దానంతటదే జారి నీళ్ళు కుమ్మరించాలి. రెండు తాళ్ళ పొడుగు తేడాలో ఉంది ఆ కిటుకంతా. దాన్ని ఇంజనీరింగు అనలేదు ఎవరూ, కులవృత్తి అన్నారు. అట్లాగని మా తాతల పనితనం పొగిడి మమ్మల్ని మళ్ళీ తోలు ముందు కూచోబెడతామంటే ఊరుకోం. చెప్పొచ్చేదేందంటే, చేత్తో పట్టుకుని యంత్రాన్ని అర్థం చేసుకునే తెలివి మన పిల్లలకి ఎవరో వచ్చి నేర్పాల్సిన పని లేదు. ఆ తెలివికి చోటు దొరకడం లేదు, అంతే.

ఈ కాలేజీలు ఎట్లా లేచినయ్యో కూడా గుర్తు చేసుకోవాలి. బాపట్లలో 1981లో, గుంటూరులో 1985లో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు వచ్చినయి. పొగాకు, పత్తి, మిరప పండించిన రోజుల్లో ఈ జిల్లాల్లో మిగిలిన డబ్బు ఎటు పోయిందని వెతికితే సినిమాల్లో, చిట్‌ఫండుల్లో, కాలేజీల్లో తేలుతుంది. ఆ పంట తీసిన చేతులకి మాత్రం 1985లో ఏం దక్కింది? జూలై 17న కారంచేడు. తాగే నీళ్ళ చెరువు దగ్గర గొడ్ల కడుగు నీళ్ళు పోస్తుంటే ఇదేందని అడిగినందుకు ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది. అక్కడ రగడ మొదలైంది సినిమా హాల్లో, చదువుకున్న మాలపల్లె కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగిలిందని. మన పిల్లలు చదవడం వాళ్ళ కళ్ళకి ఎట్లా కనబడిందో దీన్ని బట్టే తెలుస్తుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు ముక్కలు చేసి రెండు ఊళ్ళనీ బాపట్ల జిల్లాలో కలిపారు. గీత మారింది, ఊళ్ళు అవే.

ఇప్పుడు మన పిల్లలూ ఆ కాలేజీల్లో ఉన్నారు. ఎవరి దయా కాదు. ఎస్సీ పిల్లలకి పదో తరగతి తరవాత ఇచ్చే స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న రోజుల్లో. దాని మీదే తరవాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. ఫీజు కడితే క్లాసులో కూచోవచ్చు. కానీ ఆ బురద పందెంలో నిలబడటానికి ఆ డబ్బు పనికిరాదు. ప్రవేశ రుసుము ఏ పద్దులోనూ లేదు. మోటారు, బ్యాటరీ, టైర్లు, రైలు చార్జీలు – ఏ జీవోలోనూ లేవు. ఒక్కో విద్యార్థి వాటా వేసుకోవాలి. వాటా లేనోడికి జట్టు లేదు.

పర్చూరు అవతల ఒక పల్లె పిల్లోడి సంగతి చెబుతాం. కాలేజీ పేరు రాయం, ఇది ఒక్క కాలేజీ కథ కాదు కాబట్టి. జట్టులో వాటా ఆరు వేలన్నారు. వాళ్ళమ్మకి అది ఇరవై రోజుల మిరపకాయల కోత. కట్టలేనన్నాడు. అయినా వర్క్‌షాపులో వెల్డింగు చేసింది వాడే, విరిగిన ఇరుసు అతికింది వాడే. హాస్టల్లో అర్ధరాత్రి లేపి తీసుకుపోయేవాళ్ళంట. బండికి రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్టు మీద ఐదు పేర్లున్నయి, వాడి పేరు లేదు. క్యాంపస్ ఉద్యోగాలకి వచ్చినోళ్ళు ‘నువ్వేం ప్రాజెక్టు చేశావు?’ అనడిగితే చూపించడానికి కాగితం లేదు. బండి నడిపిన కుర్రాడు మంచోడే, వాడికి మన వాడి మీద ద్వేషమేం లేదు. వాటా కట్టలేదు కదా అన్నాడు. నిజమే మరి! కులం ఇప్పుడు తిట్టి గెంటాల్సిన పని లేదు, రసీదు పుస్తకం చాలు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళని టేబులు దగ్గర కూచోబెట్టి పేర్లు రాయిస్తారు, వచ్చిన పెద్దమనుషులకి బొకేలు ఇప్పిస్తారు. మిరప తోటలో పొద్దున్నుంచి మాపటిదాకా వొంగి పనిచేసే తల్లి కూతురికి స్క్రూడ్రైవరు పట్టుకునే బలం లేదంట.

పెద్ద పోటీలు ఇంకో మెట్టు పైన. మనిషి కూచుని నడిపే నాలుగు చక్రాల బురద బండ్ల పందెం బాజా. అమెరికాలో 1976లో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో 2007 నుంచి, మధ్యప్రదేశ్‌లో ఇండోరు దగ్గర పీతంపూర్‌లో. అక్కడికి పోవాలంటే బండి తయారీ ఖర్చే లక్షల్లో. కాలేజీ యాజమాన్యమో, కంపెనీయో, నాన్నో భరించాలి. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు, అక్కడ మన పిల్లలు లెక్కపెట్టేంత మంది కూడా కనబడరు.

డబ్బుంటేనే గెలుస్తారా అంటే, కాదని చూపించిన పిల్లలున్నారు. 2004లో అమెరికాలో నీళ్ళ కింద రిమోటుతో నడిచే యంత్రాల పోటీ జరిగింది, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో. దానికి ఫీనిక్సు నగరం నుంచి నలుగురు హైస్కూలు కుర్రాళ్ళు వచ్చారు. ఎడారి ఊరు, సముద్రం వాళ్ళకి వందల మైళ్ళ దూరం. మెక్సికో నుంచి కూలికి వలస వచ్చిన కుటుంబాలు, అమెరికాలో ఉండటానికి కాగితాలు లేవు. ఎప్పుడు పట్టుకుని పంపించేస్తారో తెలియని బతుకు. వాళ్ళ యంత్రం ప్లాస్టిక్కు నీళ్ళ గొట్టాలతో చేసింది, ఖర్చు 800 డాలర్లకి అటూ ఇటూ. గబ్బు కొడుతుందని దానికి ‘స్టింకీ’ అని పేరు పెట్టారు. పెద్దోళ్ళ విభాగంలోనే పోటీకి దిగారు, ఎట్లాగూ ఓడిపోతాం కదా, కాలేజీ వాళ్ళ చేతిలో ఓడితే పరువు దక్కుద్ది అని. ఎదురు నిలిచింది ఎవరనుకున్నారు? ప్రపంచంలోనే పేరుమోసిన ఎం.ఐ.టి. వాళ్ళ యంత్రానికి పదివేల డాలర్లు దాటింది, వెనక ఎక్సాన్ మొబిల్ చమురు కంపెనీ ఉంది.

పోటీకి ముందు ఈ పిల్లల యంత్రంలో తీగెలుండే పెట్టెలోకి నీళ్ళు కారినయి. మళ్ళీ అతికించే టైము లేదు. ఏం చేశారు? ఆడవాళ్ళు నెలసరిలో వాడే, నీరు పీల్చే గుళికలు బజారు నుంచి కొనుక్కొచ్చి పెట్టె లోపల పరిచారు. కారిన నీళ్ళు అవి పీల్చుకున్నయి, తీగెలు తడవలేదు. దూది సంగతి పత్తి తీసేవాళ్ళకి మేం చెప్పాలా! మొత్తం మీద మొదటి బహుమతి ఆ నలుగురికే వచ్చింది. ఎం.ఐ.టి. రెండో స్థానం.

ఈ కథ ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టించే వక్తలుంటారు. మేం మిగతాది కూడా చెబుతాం. గెలిచాక ఎం.ఐ.టి. పిల్లలు ఎటు పోవాలో అటు పోయారు. ఈ నలుగురిలో ఒకడు కష్టపడి 2009లో ఇంజనీరింగు పట్టా తెచ్చుకున్నాడు, కానీ కాగితాలు లేవు కాబట్టి ఉద్యోగం లేదు. మెక్సికో తిరిగి వెళ్ళి, అక్కడి నుంచి వీసా తెచ్చుకుని, చివరికి అమెరికా సైన్యంలో చేరాడు. ఇద్దరు వంట పని పట్టుకున్నారు. పోటీ గెలిచినంత మాత్రాన తలుపులు తెరుచుకోవు అన్నమాట. వాళ్ళకి అడ్డం వచ్చింది పౌరసత్వ కాగితం, మనకి అడ్డం వచ్చేదేందో ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే పోటీలో చోటు అడుగుతూనే, ఆ తరవాతి సంగతీ ఇప్పుడే అడగాలంటున్నాం.

ఇంకోటి మన గుండెకి దగ్గరిది. 2015 నవంబరులో కేరళలో కోజికోడ్ పట్టణంలో ఇద్దరు కార్మికులు మురుగు గుంటలోకి దిగి విషవాయువుకి పడిపోయారు. రోడ్డు మీద పోతున్న ఆటో డ్రైవరు ఒకాయన, ముక్కూమొహం తెలియని మనిషి, వాళ్ళని బయటికి లాగుదామని దిగి తనూ చనిపోయాడు. ఆ ఆటో డ్రైవరుని కేరళ అంతా నెత్తిన పెట్టుకుంది, పెట్టుకోవాల్సిందే. చనిపోయిన ఆ ఇద్దరు కార్మికులు ఎక్కడివాళ్ళో తెలుసా? మన ఆంధ్రావాళ్ళు. పని వెతుక్కుంటూ పోయినవాళ్ళు.

ఆ చావుల తరవాత, కుట్టిప్పురంలో ఇంజనీరింగు చదివిన కుర్రాళ్ళు కొందరు, కాలేజీలో మనిషి ఒంటికి తొడుక్కునే యంత్రం మీద పనిచేసినవాళ్ళు, దారి మళ్ళించి మురుగు గుంటలోకి దిగే యంత్రం చేశారు. పేరు బాండికూట్, అంటే మన పందికొక్కు! ఆ ఇంగ్లీషు మాట పుట్టిందే మన తెలుగు మాటలోంచి. పైన మనిషి నిలబడి తెర మీద చూస్తూ మీటలు తిప్పుతుంటే, కింద ఇనప చెయ్యి చెత్త తోడి పైకి తెస్తుంది. 2018లో తిరువనంతపురంలో దాన్ని పనిలో పెట్టారు.

చూశారా తమ్ముళ్ళూ, బొమ్మ కారు తిప్పే విద్యా ఇదీ ఒకటే. కెమెరా, మోటారు, రిమోటు. పందెంలో బురద పోసి ఆడుకునేదాన్ని నిజం బురదలోకి దించారు, ఒక మనిషి బయట ఉన్నాడు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. మురుగులో చచ్చిపోయిన ఒక్కో కుటుంబానికి 10 లక్షలివ్వమని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ లోపల చావులు ఆగలేదు, 1993 నుంచి సర్కారు ఒప్పుకున్నవే వెయ్యి దాటినయి. కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటంలోనే బతుకంతా గడుపుతున్నాడు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. పదిహేనేళ్ళుగా వందల కాలేజీల్లో బురద పందేలు నడుస్తుంటే, వాటిలో ఎన్నిటికి ‘మురుగు గుంటలోకి మనిషి బదులు దిగే బండి చెయ్యండి’ అని పెట్టాలన్న ఆలోచన వచ్చింది? పోటీ పెట్టేవాడి తాత ఎవరూ ఆ గుంటలో దిగలేదు, రాకపోవడంలో వింతేముంది.

యంత్రం వస్తే అంతా అయిపోదు, అదీ చెప్పుకోవాలి. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందుల్లో తిరిగే చిన్న జెట్టింగు యంత్రాలు తెచ్చి, దళితుల్నే వాటికి యజమానులుగా పెట్టింది. బ్యాంకు అప్పు, జలమండలి అద్దె. మంచిదే, మనిషి గుంటలో దిగడం కంటే వెయ్యి రెట్లు మంచిది. అయినా మాకో అనుమానం పీకుతూనే ఉంది. యంత్రం వచ్చినా ఆ మురుగు మన కులానిదే అని మళ్ళీ రాసిచ్చినట్టు కాదా? పేపరు మిల్లుకీ జిన్నింగు మిల్లుకీ మనల్ని యజమానుల్ని చేసే పథకం ఒక్కటన్నా వచ్చిందా? దీని మీద మనలో మనకి తేడాలుంటయి, చర్చ జరగాలి.

ఇక మన చేల సంగతి. పత్తికీ మిరపకీ కొట్టినంత మందు ఇంక దేనికీ కొట్టరు. 1987లో తెల్లదోమ పత్తిని పీల్చేస్తే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి పోయారు. అది పేపర్లో వచ్చింది. ఆ మందుని పదహారు లీటర్ల పంపులో వీపున వేసుకుని కొట్టినోడి ఊపిరితిత్తుల సంగతి ఏ పేపర్లో వచ్చింది? 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చచ్చిపోతే గానీ దేశానికి ఆ సంగతి తెలియలేదు. ఇప్పుడు డ్రోన్లు వచ్చినయి. మహిళా సంఘాలు 15 వేలకి డ్రోన్లు ఇస్తామని 2023 నవంబరులో కేంద్రం ప్రకటించింది, ధరలో 80 శాతం, 8 లక్షల దాకా సబ్సిడీ. మన మాలపల్లె మాదిగపల్లె సంఘాల్లోంచి ఎంతమంది అక్కల్ని ఆ శిక్షణకి పంపారో ప్రతి మండలంలో అడగండి. డ్రోను వస్తే మందు కొట్టే కూలి పోతుంది గదా అని కొందరు భయపడుతున్నారు. మందు వాసన పీల్చే హక్కు కోసం మనం పోరాడం. కూలి కోసం పోరాడతాం, డ్రోను నడిపే కూలి కూడా కూలే.

నేల మీద నడిచే చిన్న బండి సంగతి కూడా ఆలోచించాలి. మిరప సాలుకీ సాలుకీ మధ్య రెండున్నర మూడడుగులుంటుంది. ఆ సందులో పంపుని మోసుకుంటూ పొయ్యే బండి, రిమోటు పట్టుకుని గాలికి ఎదురు దిక్కున దూరంగా గట్టు మీద నిలబడ్డ మనిషి. ఇది కష్టమైన లెక్కే. నల్లరేగడి సంగతి తెలిసినోడికే తెలుసు. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు, తడిస్తే కాలికి అంటుకుని ఒక్కో అడుగుకీ ఒక్కో వీశె బరువు. టైరు గాడి నిండా మట్టి పూడుకుపోయి గుండ్రాయిలా నున్నగా తిరుగుతుంది, మోటారు ఆగిపోయి కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుంది. కాలేజీలో లారీ ఇసక పోసి చేసిన దారిలో గెలిచిన బండి మన రేగట్లో పది గజాలు పోదు. అమెరికాలో 2004లో మనిషి లేకుండా దానంతటదే నడిచే బండ్ల పందెం మొహావి ఎడారిలో పెడితే, 150 మైళ్ళ దారిలో అన్నిటికన్నా ముందు పోయింది ఎనిమిది మైళ్ళు కూడా పోలేదు. మరుసటేడు ఐదు బండ్లు దారంతా దాటినయి. ముందు ఓడిపోవాల్సిన చోట ఓడిపోతేనే ఆ పని అయింది. మన కాలేజీలు ఆ పందెం మన చేలో ఎందుకు పెట్టవు? మిరప యార్డులో హమాలీ మోసే టిక్కీ బరువు మొయ్యమని ఎందుకు అడగవు?

మనం అడగాల్సింది ఎవర్నో కూడా తేల్చుకోవాలి. ప్రవేశ రుసుము, జట్టు వాటా స్కాలర్‌షిప్పు పద్దులోకి రావాలి, ఇది సాంఘిక సంక్షేమ శాఖ పని. 2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది, ఆ డబ్బుతో జిల్లాకి ఒక హాస్టల్లో అయినా పనిముట్లున్న గది పెట్టమని కలెక్టరుకి అర్జీ పెట్టాలి. చేతితో పనిచేసిన ప్రతి పిల్లోడి పేరూ, పిల్ల పేరూ సర్టిఫికెట్టు మీద ఉండాలి, ఇది ప్రిన్సిపాలుతో తేల్చుకోవాల్సింది. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు, సిగ్గుంటే చాలు.

ప్రభుత్వం కదిలేదాకా కూచోవాల్సిన పని కూడా లేదు. లారీ వైపరు మోటారు పాత ఇనప షాపులో దొరుకుతుంది, 12 వోల్టుల బ్యాటరీ మీద మెల్లగా, గట్టిగా తిరుగుతుంది. పాడైపోయిన పవరు పంపు ఇంజను ప్రతి ఊళ్ళో ఏదో ఒక చూరు కింద పడి ఉంది. వేసవి సెలవులకి ఇంటికి వచ్చే ఇంజనీరింగు పిల్లల పేర్లు, ఏ బ్రాంచి, ఏ ఏడాది – ఊరి సంఘం కార్యదర్శులు ఒక కాగితం మీద రాసి మార్చి నెలాఖరులోపల మా చిరునామాకి పంపండి. ఆడపిల్లల పేర్లు ముందు రాయండి. పత్తి కట్టె పీకేసిన చెక్క ఒకటి, అరెకరం చాలు, ఎవరన్నా రైతు ఇస్తానంటే అదీ రాయండి.